చెవికి తగిలించేవి

కొమురెల్లి ముక్కుకు పైపు పెట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో పాట ఆగిపోయింది. ఆగితే ఆగింది, పీడా పోయిందనుకోవలసిన మనిషి దుర్గవ్వ. ఎందుకంటే ఆ పాట తన చెవిన పడొద్దని మొగుణ్ణి కట్టడి చేసింది ఆమే. కానీ మనిషి మనసుకు ఒక తీరూ తెన్నూ ఉంటే కదా! వద్దన్నది నిజంగా ఆగిపోయేసరికి ఆమెకే కాలూ చెయ్యీ ఆడలేదు.

ఆ పాట ఎవరిదో ముందు చెప్పాలి. వాళ్లకు ఒక్కడే కొడుకు, సాగర్. నస్పూర్‌లో ఆటో నడిపేవాడు. నడిపింది తక్కువ, పాడింది ఎక్కువ అని తల్లి తిట్టేది. పెళ్లిళ్లలో పాడేవాడు, బతుకమ్మల దగ్గర పాడేవాడు, ఏ పనీ లేకపోతే నీళ్లు పోసుకుంటూ పాడేవాడు. పాటలు సొంతంగా కట్టేవాడు కూడా. కట్టింది కట్టినట్టు తండ్రి డబ్బా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అందులోకి పాడేవాడు. "బాపూ, నీ ఫోన్ల నా గొంతు మంచిగొస్తది" అనేవాడు. వంటింట్లోంచి దుర్గవ్వ, "పాటలతోటి కడుపు నిండుతదారా? వచ్చి తిను" అని కేకేసేది. ఒక్కనాడూ పక్కన కూర్చుని వినలేదు. తీరిక ఎక్కడిది? అయినా కొడుకు ఎక్కడికి పోతాడు, రేపు వినొచ్చులే అనుకుంది. రెండేళ్ల కిందట వాడు మంచిర్యాల నుంచి బండి మీద వస్తుంటే లారీ తగిలింది. ఇరవై ఆరేళ్లవాడు. వాడి ఫోనూ వాడితోపాటే నుజ్జయింది. మిగిలింది తండ్రి ఫోన్లోని గొంతు ఒక్కటే.

పదకొండో రోజున చుట్టాల్లో ఎవరో అతితెలివిమంతుడు ఆ గొంతు పెట్టాడు. దుర్గవ్వ విన్నది ఒక్క పలుకే. గోడకేసి తల కొట్టుకుని పడిపోయింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చాక మొగుడి చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టేయించుకుంది. "వాని గొంతు ఇంకోసారి నా చెవుల పడ్డదంటె నేను బతుకనయ్యా" అంది. కొమురెల్లి మాట తప్పే మనిషి కాదు. రోజూ సాయంత్రం ఫోన్ జేబులో వేసుకుని కాలనీ వెనక మట్టికుప్పల దాకా నడిచిపోయి, అక్కడ కూర్చుని విని వచ్చేవాడు. వచ్చేటప్పటికి కళ్లు ఎర్రగా ఉండేవి. ఆమె అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు. చాయ్ పెట్టి చేతికిచ్చేది.

ఆ తర్వాత ఆయన ఊపిరి చెడింది. ముప్పైరెండేళ్లు బొగ్గుబాయి దిగిన ఛాతీ అది, ఎంత దుమ్ము మింగిందో దానికే తెలుసు. డాక్టర్ ఆక్సిజన్ మిషన్ రాశాడు. గోడ వారగా పెట్టిన ఆ మిషన్ రేయీ పగలూ గుర్రుమంటూనే ఉంటుంది. దాన్నుంచి సన్నటి పైపు వచ్చి, ముక్కులోకి రెండు మొనలు పెట్టి, రెండు చెవుల వెనకగా తిరిగి గడ్డం కింద కలుస్తుంది. పైపు పొడుగెంతో ఆయన లోకం అంతే. మంచం, కుర్చీ, గడప. గడప దాటితే ముక్కులోంచి ఊడొస్తుంది. ఇక మట్టికుప్పల దాకా పోయేదెక్కడ?

ఇంట్లోనే విందామా అంటే ఉన్నవి రెండు గదులు. మిషన్ మోతలో తనకు వినపడాలంటే గట్టిగా పెట్టాలి, గట్టిగా పెడితే వంటింట్లో ఆమెకు వినపడుతుంది. ఒట్టు ఒట్టే. కొమురెల్లి ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. అప్పుడప్పుడు తీసి, తువ్వాలతో తుడిచి, మళ్లీ దిండు కిందే పెట్టేవాడు. అది చూసి దుర్గవ్వ వంటింట్లోకి తప్పుకునేది. ఇవాళో రేపో అన్నట్టున్న మనిషికి కొడుకు గొంతు దూరం చేసిన పాపిష్టిదాన్ని నేనే కదా అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది. పోనీ పెట్టుకోవయ్యా అందామంటే నోరు పెగిలేది కాదు. ఆనాటి ఒక్క పలుకు గుర్తొచ్చేది.

కొమురెల్లితో కలిసి బాయి దిగిన శ్యాంసుందర్ కాలనీలో పక్క లైన్‌లోనే ఉంటాడు. ఒకనాడు చూడ్డానికి వచ్చినవాణ్ణి గడప అవతలే ఆపి దుర్గవ్వ సంగతంతా చెప్పింది.

"గింత దానికి గంత పరేషాన్ ఎందుకు వదినె?" అన్నాడు. "చెవులకు పెట్టుకునేయి దొరుకుతయి. ఆయనకొక్కనికే వినవడ్తది. నీకు సప్పుడే రాదు."

"నిజంగ రాదా?"

"రాదంటున్న గదా. మంచిర్యాలకు పోయి కొనుక్కరా. నేను ఈయన కాడ కూసుంట. ఫోన్ తీస్కపో, దానికి పడ్తయో లేదో సూపిచ్చుకోవాలె."

ఇంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లూ తట్టనందుకు దుర్గవ్వ తనను తానే తిట్టుకుంది. రీఛార్జ్ చేయిస్తానని కొమురెల్లికి అబద్ధమాడి ఫోన్ తీసుకుంది. ఆటో దిగి, మంచిర్యాల స్టేషన్ దగ్గరి సందులో ఫోన్ల దుకాణం కనపడితే ఎక్కింది. గాజుపెట్టె వెనక అలేఖ్య అనే పిల్ల నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో, నోటి నిండా మాటలే.

"ఎవలికి పెద్దమ్మా, నీకేనా? డాన్స్ చేస్తవా ఏంది?"

"నా మొఖానికి డాన్స్ ఒకటే తక్కువ! మా ముసలాయనకు బిడ్డా."

అలేఖ్య నవ్వుతూ మొదట నెత్తి మీదుగా పెట్టుకునేది తీసింది. దుర్గవ్వ దాన్ని తన తలకే పెట్టుకుని చూసింది. రెండు దిండ్లు వచ్చి చెవుల్ని అదిమి పట్టుకున్నాయి.

"ఇది వద్దు. ఆయన చెవుల మీదికెళ్లి గాలి పైపు పోతది. పైపు ఒత్తుకుని చెవుల వెనక పుండ్లు పడ్డయి, దూది పెడుతున్న. దీంతోటి ఇంకింత ఒత్తుతది."

"అయితె చెవుల దూర్చేయి తీస్కో. గివైతె చవక."

"బాయిల చేసినప్పటి సంది ఆయన చెవులు కారుతయి బిడ్డా. ఏదన్న దూరిస్తె చీము పడ్తది."

మెడ చుట్టూ వేసుకునేది చూపించింది. గడ్డం కింద పైపు వేలాడుతుంటుంది, అది దీనికి చిక్కుకుని లాగుతుందని దుర్గవ్వ వద్దంది. వేరే పిల్లయితే విసుక్కునేది. అలేఖ్య మాత్రం చేతులు నడుముకు పెట్టుకుని కాసేపు ఆలోచించి, లోపలికి పోయి చిన్న డబ్బా తెచ్చింది. దాంట్లో దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పుల్లాంటివి రెండున్నాయి, వైరుతో. ఒకటి తీసి దుర్గవ్వ చెవి అంచుకు తగిలించింది. చెవి రేకును మెత్తగా పట్టుకుని, రంధ్రం ముందర నిలబడింది. లోపలికి దూరలేదు, వెనక తాకలేదు. దుర్గవ్వ తల అటూ ఇటూ ఊపింది, వంగింది, లేచింది. పెట్టుకున్నట్టే తెలియలేదు.

"ఇగో, గిట్లాంటిది కావాలె నాకు!" అంది. రెండేళ్లలో ఆమె మొహంలో వెలుగు రావడం అదే మొదలు. "ఎంత బిడ్డా?"

"వైరు లేనియి పదిహేను వందలు. వైరుయి నాలుగు వందలు. నీ డబ్బా ఫోన్‌కు వైరుయే పడ్తయి."

మూడున్నర వందలకు బేరం కుదిరింది. అలేఖ్య వైరు ఫోన్‌కు గుచ్చి, పాట పెట్టబోయింది. దుర్గవ్వ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యో వద్దు! అందుల ఉన్నయి పెట్టకు! వేరేదన్న పెట్టి సూడు!"

ఆ పిల్ల బిత్తరపోయి, "సరె తియ్ పెద్దమ్మా, కొత్త పాటలు ఎక్కిపిస్త. కొన్నోళ్లకు ఫ్రీ" అని ఫోన్ వెనక మూత తీసి, గోరంత బిళ్ల ఊడదీసి, కంప్యూటర్ ముందున్న యజమానికిచ్చింది. ఆయన తల తిప్పకుండానే అడిగాడు. "కార్డు నిండుగున్నది. ఉన్న పాటలు తీసేసి కొత్తయి ఎక్కియ్యాల్నా?"

ఇక్కడే ఆమె నోరు ఆమెకు శత్రువైంది. దుర్గవ్వ దృష్టిలో పాటలు వేరు, కొడుకు గొంతు వేరు. పాటలంటే దుకాణంలో ఎక్కించేవి. ఆ బిళ్లలో ఉన్నవి ఎప్పుడో సాగర్ ఎక్కించిన సినిమా పాటలే అనుకుంది. కొడుకు గొంతు ఉన్నది ఫోన్లో. వాడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని పాడుతుండగా ఆమె తన కళ్లతో చూసింది కదా! ఆ గోరంత బిళ్లలోకి పాడగా ఎవరు చూశారు? ఫోన్ ఇదిగో నా చేతిలో భద్రంగానే ఉంది అనుకుంది. ఒక్కరు, ఒక్కరైనా, అందులో ఏముందో ఒకసారి విని చూడమ్మా అనలేదు. అన్నా వినేది కాదు.

"ఎక్కియ్యి అయ్యా, జర జల్ది" అంది.

పది నిమిషాల్లో ఐదొందల పాటలు ఎక్కాయి, పాతవాటితోపాటు కొడుకు పాడిన ఐదు పాటలూ పోయాయి. దుర్గవ్వ డబ్బా రొమ్ముకు అదుముకుని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి, దూది సర్ది, తన చేతులతోనే ఆ రెండూ మొగుడి చెవులకు తగిలించింది. "ఇగ ఎంత గట్టిగ పెట్టుకుంటవో పెట్టుకో. నాకు వినరాదట. శ్యాంసుందర్ చెప్పిండు" అంది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొమురెల్లి కాసేపు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత మీట నొక్కాడు.

ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి. దుర్గవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"వస్తుందా అయ్యా? మంచిగ వినవస్తుందా?"

ఆయన తలెత్తి ఆమె మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడన్నాడు, "వస్తుంది. మస్తు మంచిగ వస్తుంది."

కళ్లు మూసుకున్నాడు. రెండు కళ్లలోంచీ నీళ్లు కారి పైపు మీదుగా చెవుల్లోకి జారాయి. కొడుకును విని ఏడుస్తున్నాడు, ఏడవనీ, కడుపులో భారం తగ్గుతుంది అనుకుని దుర్గవ్వ వంటింట్లోకి పోయింది. ఆ పూట కడుపు నిండా తింది.

ఆ నాటి నుంచి అదొక నియమమైంది. మధ్యాహ్నం రెండు ముద్దలు తినగానే కొమురెల్లి, "అవి పెట్టవే" అనేవాడు. ఆమె తగిలించేది. ఆయన కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఆమె కాస్త దూరంగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఆయన వేళ్లనే చూసేది. వేళ్లు మంచం పట్టె మీద దరువేసేవి. పెదవులు కదిలేవి. ఒక్కోసారి చిన్నగా నవ్వేవాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వస్తే, "నేనే తెచ్చిన, మంచిర్యాలల. పది తీర్లయి సూసి ఏరి తెచ్చిన" అని గొప్పగా చెప్పుకునేది. చెప్పుకోనీ పాపం, ఆమెకు మాత్రం ఇంకేం మిగిలింది చెప్పుకోవడానికి?

నెల దాటింది. కొమురెల్లి సగమయ్యాడు. డాక్టర్ ఇంటికొచ్చి చూసి, ఎవరన్నా చూసేవాళ్లుంటే పిలుచుకోండి అన్నాడు. పిలవడానికి ఎవరున్నారు? ఆయన చూడాలనుకునేవాడు రాడు. ఆయన వినాలనుకునేవాడు ఆ చెవుల దగ్గరే ఉన్నాడు. అంత దగ్గరున్నవాణ్ణి తానింకా విననందుకు దుర్గవ్వకు తన మీద తనకే రోత పుట్టింది. ఈయన పోతే ఆ పాటలు నాతో కూర్చుని వినేదెవరు? ఒంటరిగా వినే ధైర్యం నాకు ఏ జన్మకైనా వస్తుందా? వింటే ఇప్పుడే వినాలి, ఈ మనిషి చెయ్యి పట్టుకుని వినాలి. రోజూ ఆయన వేళ్ల దరువు చూసి చూసి ఆమెకు భయం కొంత కరిగింది కూడా.

"అయ్యా, ఒకటి నా చెవికి పెట్టరాదు? నేను గూడ వింట" అంది.

కొమురెల్లి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు ఓర్వలేవు. వద్దు" అన్నాడు. మరునాడూ అడిగింది. "ఇయ్యాల వద్దు" అన్నాడు. ఒట్టు నేనే తీసేస్తున్నానంటే కూడా అటు తిరిగి పడుకున్నాడు. ఇన్నాళ్లూ దూరం పెట్టినందుకు కోపమేమోనని ఆమె నొచ్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన వింటూ వింటూ నిద్రలోకి జారుకున్నాడు. దుర్గవ్వ చప్పుడు చేయకుండా మంచం పక్కన కూర్చుంది. ఎడమ చెవిది మెల్లగా తీసి తన చెవికి తగిలించుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. పళ్లు బిగించింది. రా కొడుకా, వింటాను రా అనుకుంది.

ఏమీ లేదు. చడీచప్పుడూ లేదు. పాట అయిపోయిందేమో అనుకుని, ఆయన నొక్కే మీట తనూ నొక్కింది. డప్పులు, బాకాలు, ఎవరో ఆడమనిషి గొంతు. సినిమా పాట. ఇంకోటి నొక్కింది. ఇంకోటి. ఇంకోటి. ఎవరెవరి గొంతులో. ఆమె కొడుకు లేడు.

కొమురెల్లి కళ్లు తెరిచాడు. ఆమె చెవికి తగిలి ఉన్నదాన్ని చూశాడు. తీసేద్దామని చెయ్యి ఎత్తాడు, మధ్యలోనే దించేశాడు.

"మనోడేడి?" అంది దుర్గవ్వ. "ఏడయ్యా, మన పోరడేడి?"

ఆయన ఫోన్ వైపు చూశాడు.

"ఆ దుకాణమాయన... కార్డుల పాటలు తీసేసి ఎక్కియ్యాల్నా అన్నడు. నేనే ఎక్కియ్యుమన్న. నేనే అన్న!" ఆమె గొంతు పైకి లేచింది. "ఎప్పటి సంది లేవు?"

"నువ్వు తెచ్చిన దినం సంది."

"మరి నాతోటి చెప్పకపోతివి! గిన్ని దినాలు ఏం వింటుంటివి నువ్వు?"

"ఏం వినలే." ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తీస్తూ చెప్పాడు. "పాట ఆపేసి... ఉత్తగనే పెట్టుకుంటుంటి. వాని పాటలు... మొదటికెళ్లి యాది చేసుకుంటుంటి. పెట్టుకోకుంటె... నువ్వు అడుగుతవు గదా."

"దుకాణానికి పోతె మళ్ల తీసియ్యరా?"

"శ్యాంసుందర్‌తోటి... కార్డు పంపిన. మీద కొత్తయి పడ్డయట. కిందియి రావట."

దుర్గవ్వ రెండు చేతులా రొమ్ము బాదుకుంది. "లారీ ఒకసారి చంపె, నేనొకసారి చంపుకుంటినయ్యా! నా చేతులార చంపుకుంటి! నన్ను తిట్టకపోతివి, కొట్టకపోతివి!"

కొమురెల్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు, అయినా ఆమె ఆగింది.

"పోరడు పోయినంక... నువ్వు మొఖం ఇంత చేసుకుని... నిలబడ్డది గా దినమే. నీకెట్ల చెప్పాలె?"

ఆమె ఆయన చేతి మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మిషన్ తన పాటికి తను గుర్రుమంటూనే ఉంది. కొంతసేపటికి లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన చెవికున్న రెండోదాన్ని కూడా తీసేసింది.

"చెప్పు" అంది. "అందుల ఏమేముండెనో నాకు చెప్పు. నువ్వు యాది చేసుకున్నయన్నీ చెప్పు. వింట."

"ఓర్సుకుంటవా?"

"ఓర్సుకుంట."

మోతలో వినపడదని ఆమె మంచం మీదికి వంగి తన చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది. కొమురెల్లి మొదలుపెట్టాడు. పాట అనడానికి లేదు. రెండు మాటలు, ఒక ఊపిరి. రెండు మాటలు, ఒక ఊపిరి.

"పొద్దు పొడువక ముందె లేసి... బాపు బాయికి పాయెనే... సద్ది గిన్నె సల్లగాయె... అవ్వ కండ్లు కాయలాయె..."

దుర్గవ్వ ఏడుస్తూనే విన్నది. పడిపోలేదు. గోడకు తల కొట్టుకోలేదు. ఒకటయ్యాక, "ఇంకోటి చెప్పు" అంది. నీళ్లు తాగించి, ఛాతీ నిమిరి, మళ్లీ చెవి పెట్టింది. ఆటో మీద కట్టింది, గోదావరి మీద కట్టింది, శ్యాంసుందర్ పొట్ట మీద సరదాకు కట్టింది. దానికి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వుకు ఆయనకు దగ్గు తెర వచ్చింది. అలా సాయంత్రమైంది. ఎండ గడప దాటి పోయింది.

"ఇగ చాలు, అలిసిపోయినవు" అంది.

"ఇంకొకటుంది. ఐదోది." కొమురెల్లి ఆమె వైపు తిరిగాడు. "నీ మీద కట్టిండు."

"నా మీదనా?"

"బతుకమ్మ నాడు... అందరి ముందట పాడి... నిన్ను ఉడికిస్తనన్నడు. అప్పటిదాక చెప్పకు బాపూ అన్నడు. అంతకుముందే... పాయె. నువ్వు వింటనన్న నాడు వినిపిద్దామని... ఆగిన."

దుర్గవ్వ కళ్లు తుడుచుకుంది. చెవి ఇంకా దగ్గరికి జరిపింది. ఆయన మీసం ఆమె చెంపకు తగిలింది.

"అవ్వ తిడితె... ఆకలైతది. అవ్వ కొడితె... నిద్ర వస్తది. అవ్వ నవ్వితె..."

ఆగాడు. ఊపిరి కోసమనుకుంది.

"అవ్వ నవ్వితె..." అన్నాడు మళ్లీ. మొదటి నుంచి ఎత్తుకున్నాడు. తిట్టు వచ్చింది, దెబ్బ వచ్చింది, నవ్వు దగ్గరికొచ్చి మాట నిలిచిపోయింది. ఊపిరి తగ్గేకొద్దీ మతి తప్పుతుందని డాక్టర్ ముందే చెప్పాడు. ఆయన కళ్లు పైకప్పంతా వెతికాయి. వేళ్లు మంచం పట్టె మీద దరువేశాయి. దరువు సరిగ్గానే ఉంది, మాట లేదు.

"మొన్నటిదాక ఉండెనే" అన్నాడు కొమురెల్లి. ఆయన మొహంలో అంత భయం ఆమె ఎన్నడూ చూడలేదు. "అవ్వ నవ్వితె ఏమైతదన్నడు? నువ్వన్న చెప్పవే. ఏమైతదన్నడు వాడు?"

దుర్గవ్వ ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె ఏం చెబుతుంది? ఆమె ఒక్కసారైనా వింటే కదా.